అంకమ్మ నిద్రపోయిన రోజు

1వ దినం

ఈ పుస్తకం పై వరుసవాళ్ళు ఇచ్చారు. ఏకపాత్ర దిద్దినంతకాలం రోజూ రాయాలి. ఏం నేర్పాను, ఎంత వచ్చింది, ఎక్కడ తడబడింది. ఈసారి ఇరవై ఒక్క రోజులే దిద్దడం, ఆ సాయంత్రమే ప్రదర్శన. ఇది నేను దిద్దే ఇరవయ్యో ఏకపాత్ర.

నా పేరు తీతు. మేడలో మొదటి వరుసవాణ్ణి, అంటే అన్నిటికంటే అడుగున, అలల పక్కన. దిద్దేవాణ్ణి కాబట్టి పడక గది మాత్రం రెండో వరుసలో ఇచ్చారు. బోధకుణ్ణి. పట్టా లేదు. ఉప్పు గోనెల మీద అచ్చులు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను, ఆ అక్షరాలతో దేవుని వాక్యం నేర్చుకున్నాను. అయినా అందరూ అయ్యగారనే పిలుస్తారు. ఒకప్పుడు నేను ప్రసంగిస్తే మూడో వరుసలో కిటికీలు మూసుకునేవాళ్ళట. ఇప్పుడు తెరిచే ఉంచుతున్నారు.

ఆరో వరుసలో ఒక మంచం ఖాళీ అయింది. దానికి మా వరుస నుంచి కేజియా పేరు వచ్చింది. పంపు గదిలో పని, ఇరవై తొమ్మిదేళ్ళు, ఎప్పుడూ దగ్గు. నర్సు ఆమె వీపు మీద వేళ్ళతో తట్టి చూసి, ఈ గాలిలో ఇంకో వానాకాలం గడవదని చెప్పింది. మా దగ్గరికి వచ్చే గాలి పదకొండు వరుసలవాళ్ళు పీల్చి వదిలినది. ఆరో వరుసలో ఇంకా కొంచెం కొత్తగా ఉంటుంది.

ఎక్కేవాళ్ళు ముందు తమ కథ తామే ఆడి పైవాళ్ళని మెప్పించాలి, కాబట్టి ఏకపాత్ర బాగా రావాలి. రాకపోతే మంచం రెండో వరుసకి పోతుంది.

3వ దినం

ఆట నడిచే క్రమం కేజియాకి చెప్పాను. నాలుగు ఘట్టాలు. బాల్యం, కష్టం, నిద్రపోయినవాడు, ఎక్కడం. మెట్ల దగ్గర చదునులో ఆడాలి. తల్లీ తనే, మేస్త్రీ తనే, అందరూ తనే. చివర నిజంగానే మెట్లెక్కి వెళ్ళిపోవాలి, కింద జనం పాట పాడుతూ ఉండాలి.

మూడో ఘట్టం ముఖ్యం. ఎక్కినవాడితో సమానంగా అవకాశం ఉండి కూడా నిద్రపోయి పోగొట్టుకున్న మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి జనానికి ముందు చిన్న పీట మీద కూర్చుంటాడు. పేరు వినగానే తల వంచుతాడు. అంతే. ఎవరూ కొట్టరు, తిట్టరు. పంతొమ్మిది మందిని నేనే కూర్చోబెట్టాను. ఏడోవాడు నా తమ్ముడు సీమోను. కూర్చున్నాడు, వంచాడు, ఇంటికి వెళ్ళాడు. అప్పటినుంచి నా ప్రార్థన కూడికకు రాడు.

కేజియా కథకి నిద్రపోయిన మనిషెవరో తూనిక కాగితంలోనే వచ్చింది. అంకమ్మ. నలభై ఆరేళ్ళు. అదే పంపు గది, పంపుకున్న రెండు పిడుల్లో ఒకటి ఆవిడది. మంచానికి ఎవరిని పంపాలో తేల్చే తూనిక రోజున, పిలిచినా యంత్రం పలక మీద నిలబడలేదు. యంత్రానికి రెండే మాటలు తెలుసు, హాజరు అని ఒకటి, నిద్ర అని ఇంకొకటి. నిలబడినవాడు హాజరు. నిలబడనివాడు, చచ్చినా సరే, నిద్ర.

"నేను చెప్పను అయ్యగారూ" అంది కేజియా.

"ఏం చెప్పవు?"

"అంకమ్మక్క నిద్రపోయిందని."

చెప్పనివాళ్ళు ఇంతకుముందూ ఉన్నారు. నాలుగో వారానికి అందరూ చెప్పారు. ఈమెకి నాలుగు వారాలు లేవు.

5వ దినం

పంపు గదికి వెళ్ళాను. ఇద్దరూ చెరో పిడి పట్టుకుని ఉన్నారు. ఒకరు నొక్కితే ఒకరు లేపుతారు. గొట్టం అవతల పసిపిల్లల గది ఉంది, పదకొండు ఉయ్యాలలు. ఒక్కరే కొడితే గంటసేపు నెట్టుకు రావచ్చు, అంతకుమించి కాదు.

"అయ్యగారు వచ్చారే, పైట సర్దుకో" అంది అంకమ్మ. "నన్ను కూర్చోబెట్టే పీట కొలత తీసుకుందామని వచ్చారేమో."

"అక్కా, ఊరుకో."

"ఊరుకునేదేముందే పిల్లా? నా నడుం కొంచెం వెడల్పు, ఆ పీట పట్టదని చెబుతున్నా."

తూనిక రోజున ఏం జరిగిందని అడిగాను. కేజియా చెప్పింది. అంకమ్మ వింటూ పిడి నొక్కుతూనే ఉంది.

ఇద్దరి నంబర్లూ ఒకే గంటలో పిలిచారట. ఇద్దరూ పోతే ఉయ్యాలలకి గాలి ఆగుతుంది. ఒకరే పోవాలి. అంకమ్మ గొట్టం అంచు నుంచి ఉప్పు బెడ్డ ఒకటి గీకి, చేతులు వెనక్కి పెట్టి, రెండు గుప్పిళ్ళు ముందుకు చాచింది. బెడ్డ ఉన్న చెయ్యి చూపిస్తే నువ్వు పో, లేకపోతే నేను. కేజియా ఎడమ చెయ్యి చూపించింది. బెడ్డ ఉంది. పోయింది. పలక మీద నిలబడింది. హాజరు.

"అంతే అయ్యగారూ" అంది కేజియా. "నా కష్టం కాదు, నా బుద్ధి కాదు. ఎడమ చెయ్యి. కుడి చెయ్యి చూపించి ఉంటే అక్క వెళ్ళేది, నేను నిద్రపోయినదాన్నయ్యేదాన్ని."

"అయ్యేదానివి" అంది అంకమ్మ. "ఇప్పుడు నేనయ్యాను. నిద్రపోయానని చెప్పవే. ముప్ఫై ఏళ్ళుగా సరిగ్గా నిద్రలేదు నాకు. నువ్వన్నా పోయిందని చెబితే కాస్త హాయిగా ఉంటుంది."

కేజియా నవ్వబోయింది, దగ్గు వచ్చింది. అంకమ్మ రెండు పిడులూ తనే పట్టుకుని, దగ్గు ఆగేదాకా కొట్టింది. ఇది రాయడం ఎందుకో తెలీదు. రాయమన్నారు కాబట్టి రాశాను.

8వ దినం

బాల్యం వచ్చింది. కష్టం వచ్చింది. మేస్త్రీ గొంతు బాగా పట్టింది, పిల్లలు వచ్చి తలుపు సందులోంచి నవ్వుతున్నారు. మూడో ఘట్టం దగ్గర ఆగుతోంది. నేల మీద పడుకుని గుర్రు పెట్టాలి. పడుకుంటుంది. గుర్రు పెట్టదు.

ఆమెకి ద్రాక్షతోట కూలీల ఉపమానం చెప్పాను. పొద్దున్నుంచి ఎండలో చేసినవాడికీ, పొద్దుగుంకే ముందు ఒక గంట చేసినవాడికీ యజమాని ఒకే కూలి ఇచ్చాడు. పొద్దున్నవాడు సణిగాడు. ఒకప్పుడు ఈ ముక్క చెబుతూ బల్ల గుద్ది, వేళ్ళ కణుపులు చిట్లగొట్టుకున్నాను. ఓ సణిగే జనమా, తోట ఎవడిది, నీ అబ్బదా అని అరిచాను! ఈరోజు కూర్చునే చెప్పాను.

"ఆ యజమాని కూలీలని నిద్రపోయామని చెప్పమన్నాడా అయ్యగారూ?" అంది కేజియా.

లేదన్నాను. అలాంటిది అందులో లేదు.

11వ దినం

గురువారం. కూడిక అయ్యాక అంకమ్మ ఆగిపోయింది. ఎప్పుడూ ముందు లేచి వెళ్ళే మనిషి. చాప మీద కూర్చుని మోకాలు గోక్కుంటోంది, ఉప్పు పుండ్లు.

"ఆ పిల్ల గుర్రు పెడుతుందా అయ్యగారూ?"

"పెట్టడం లేదు."

"మొండిది. మీరు భయపెట్టండి. నరకం గిరకం చెప్పండి."

"నీ గురించే కదమ్మా దాని బాధ. గుడ్డి అదృష్టంతో ఎక్కుతున్నానని."

అంకమ్మ తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు.

"అదృష్టం లేదు, పాడూ లేదు. రెండు చేతుల్లోనూ పెట్టాను."

నాకు అర్థం కాలేదు.

"బెడ్డ, అయ్యగారూ. గీకింది రెండు బెడ్డలు. చెరో గుప్పిట్లో చెరోటి. అది ఏ చెయ్యి చూపిస్తే ఆ చెయ్యి. దగ్గుతా ఉంది గదా మరి."

"ఎవరికీ చెప్పలేదా?"

"మీకు చెబుతున్నాగా. దానికి మాత్రం చెప్పమాకండి. తెలిసిందా, మంచం వద్దని పిడి పట్టుకుని ఇక్కడే చస్తది. మీరు వాక్యం మీద ఒట్టేయక్కర్లా, ఊరికే నోరు మూసుకోండి చాలు."

కృప అంటే ఏమిటో ముప్ఫై ఏళ్ళు అరిచి చెప్పాను. కోరేవాడి వల్ల కాదు, పరుగెత్తేవాడి వల్ల కాదు, ఊరికే ఇవ్వబడేది అని. ఎన్నడూ చూడలేదు. నా ఎదురుగా చాప మీద కూర్చుని మోకాలు గోక్కుంటోంది.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. సరేనమ్మా అన్నాను. ఆవిడ లేచి, పీట ఎత్తు ఎంత అని అడిగింది. జానెడు అన్నాను. మోకాళ్ళు పట్టేస్తాయి అని వెళ్ళిపోయింది.

14వ దినం

పరిశీలకుడు ప్రభంజనరావు గారు తొమ్మిదో వరుస నుంచి దిగి వచ్చారు. ముక్కుకి రుమాలు. మర్యాదస్తుడు, రుమాలు తీసి నమస్కారం పెట్టి మళ్ళీ పెట్టుకుంటారు.

"మూడో ఘట్టం తేలిపోతోంది తీతు గారూ. ప్రేక్షకుడికి కోపం రావాలి. అయ్యో, ఈవిడ కూడా లేచి ఉంటే ఎక్కేది కదా అనిపించాలి."

"ఆవిడ నిద్రపోలేదండి. పంపు కొడుతోంది."

"కాగితంలో నిద్ర అని ఉంది."

"యంత్రానికి వేరే మాట రాదండి."

"అదే అంటున్నాను. మనకి కూడా వేరే మాట ఎందుకు?" అని భుజం తట్టారు. "చూడండి, నేను కూడా నాలుగో వరుసలో పుట్టినవాణ్ణే. నాకెవరూ ఏదీ ఊరికే ఇవ్వలేదు."

వాక్యంలో ఇటుకలు కాల్చుకుని ఆకాశానికి గోపురం కట్టబోయినవాళ్ళు గుర్తొచ్చారు. ఒకరి భాష ఒకరికి తెలియకుండా పోయింది. ఈ మేడలో అందరిదీ తెలుగే.

18వ దినం

కేజియా ఒక నిర్ణయానికి వచ్చింది. గుర్రు పెట్టదట. గుప్పిళ్ళ సంగతి ఉన్నదున్నట్టు ఆడుతుందట. అంకమ్మ గొంతు తనే, తన గొంతు తనే.

"మంచం పోతుంది" అన్నాను.

"పోతే పోనీ. అబద్ధం చెప్పి ఆ మంచం మీద నిద్రెట్లా పడుతుంది?"

వద్దని గట్టిగా చెప్పాలి. లేదా ఇంకో మాట చెప్పాలి, రెండో బెడ్డ సంగతి. రెండూ చెప్పలేదు.

"అంకమ్మక్క మీతో ఏమన్నా అందా?" అని అడిగింది కేజియా, నా మొహంలోకి చూస్తూ.

"లేదు."

"నిజంగా?"

"లేదమ్మా."

వాక్యంలో శిష్యుడు బొంకగానే కూసిన కోడి ఇక్కడ కూయలేదు. మా వరుసలో కోళ్ళు లేవు.

21వ దినం

ప్రదర్శన. సాయంత్రం నాలుగు గంటలకి. మా వరుసవాళ్ళు నేల మీద, పైవాళ్ళు మెట్ల మీద వసారాల్లో కుర్చీల్లో. అంకమ్మ పొద్దున్నుంచి పంపు ఒక్కతే కొట్టింది, కేజియాకి ముస్తాబు సెలవు కాబట్టి. గంటకోసారి పక్కింటివాళ్ళెవరో వచ్చి కాసేపు పిడి పట్టారట. ఆటకి ఇద్దరు మొగవాళ్ళకి అప్పగించి వచ్చింది. చేతులు కడుక్కోలేదు. పీట మీద కూర్చుంది. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి, పిల్లలు కిసుక్కున నవ్వారు.

బాల్యానికి చప్పట్లు. మేస్త్రీకి ఈలలు.

మూడో ఘట్టం. కేజియా పడుకోలేదు. నిలబడి రెండు గుప్పిళ్ళు చాచింది. అంకమ్మ గొంతుతో "ఎంచుకోవే పిల్లా, తొందరగా, గాలి ఆగిపోద్ది" అంది. ఇటు తిరిగి తనే వేలు చాపింది. ఎడమ గుప్పిట తెరిచింది. అందులో బెడ్డ ఉన్నట్టు, ఖాళీ అరచెయ్యి చూసుకుంటూ చాలాసేపు ఉండిపోయింది. తరవాత చెప్పింది.

"నేను ఎక్కడం లేదు. నా వేలు ఎక్కుతోంది. అది ఇటు కాక అటు చూపించి ఉంటే మీరు ఈవిడ కథ వినేవాళ్ళు, ఆ పీట మీద నేనుండేదాన్ని. ఈవిడ నిద్రపోలేదు. పదకొండు ఉయ్యాలలకి గాలి కొట్టింది. నిద్ర అని రాసినవాళ్ళు రండి, ఒక్క గంట ఆ పిడి పట్టుకోండి."

ఎవరూ కదల్లేదు. నా వెనక ఒక ముసలాయన దేవా అన్నాడు. నేను మెట్ల మీదికి చూశాను. ప్రభంజనరావు గారు రుమాలు దించారు. ఇప్పుడు, అనుకున్నాను. ఇప్పుడు ఏదో విరుగుతుంది. ముప్ఫై ఏళ్ళు నేను అరిచింది ఈ పిల్ల మెల్లగా చెప్పింది, ఇప్పుడు గోడ పడుతుంది.

"వన్స్ మోర్!"

ఎనిమిదో వరుస నుంచి. తరవాత తొమ్మిది. తరవాత అంతటా. "వన్స్ మోర్! వన్స్ మోర్!" ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎవరో పూలు విసిరారు, కాగితం పూలు.

వన్స్ మోర్ అంటే మళ్ళీ ఆడాలి. ఇది మేడ కంటే పాత ఆచారం, ఎవరూ కాదనలేరు. కేజియా నా వైపు చూసింది. నేను తల ఊపాను. నా తల దానంతటదే ఊగింది.

రెండోసారి ఆడింది. గొంతు వణికింది. మళ్ళీ వన్స్ మోర్.

మూడోసారి బాగా చేసింది. నేను దిద్దేవాణ్ణి, నాకు తెలుస్తుంది. అరచెయ్యి చూసుకునేటప్పుడు ఎంతసేపు ఆగాలో ఈసారి కుదిరింది. కన్నీళ్ళు "ఉయ్యాలలు" అన్న మాట మీద వచ్చాయి, అంతకుముందు రెండుసార్లు కాస్త ఆలస్యంగా వచ్చాయి.

ఆ మూడోసారి మధ్యలో అంకమ్మ నిద్రపోయింది. పొద్దున్నుంచి ఒక్కతే కొట్టింది కదా. మోకాళ్ళ మీద తల వాలిపోయింది. సన్నగా గుర్రు. పైవాళ్ళు అది ఆటలో భాగమనుకున్నారు. మేడ అంతా ఒక్కసారిగా నవ్వు, దాని మీద చప్పట్లు. అన్ని చప్పట్లు నేను ఇరవై ఆటల్లో వినలేదు.

ప్రభంజనరావు గారు లేచి చేతులు జోడించారు. మంచం ఖాయం అన్నట్టు.

జనం పాట ఎత్తుకున్నారు. కేజియా మెట్లెక్కింది. పదో మెట్టు మీద ఆగి దగ్గింది. వెనక్కి తిరిగింది. అక్క నిద్రపోతోంది. లేపుదామని నేను చెయ్యి చాపాను. కేజియా వద్దని తల అడ్డంగా ఊపింది. కాసేపు అలాగే చూసి, ఎక్కి వెళ్ళిపోయింది.

ఆమెకి ఆ గాలి దొరికింది. అది కావాలనే కదా ఇదంతా. సంతోషించాలి.

24వ దినం

పై నుంచి ఉత్తరువు వచ్చింది. ఇది దిద్దే పుస్తకంలో అతికించాలి. జిగురు లేదు కాబట్టి రాస్తున్నాను.

ఇకపై ప్రతి ఏకపాత్రలోనూ ఒక గుప్పిళ్ళ ఘట్టం ఉండాలి. ఎక్కేవారు తమ అదృష్టాన్ని వినయంగా ఒప్పుకోవాలి. వినయానికి పదిహేను మార్కులు. వ్యవధి ఏడు నిమిషాలు మించరాదు. పీట మీద కూర్చున్నవారు తగిన సమయంలో కునుకు తీయడం మంచిది.

తూనిక యంత్రం గురించి ఏమీ లేదు. పంపు గది గురించి ఏమీ లేదు.

సత్యం పలికితే బంధకాలు తెగుతాయని బోధించాను. పలకడం నేను కళ్ళారా చూశాను. మూడుసార్లు పలికించుకున్నారు.

27వ దినం

రెండో వరుస నుంచి ఒకాయన వచ్చాడు. బర్నబా, వల అల్లేవాడు. వచ్చే ఏడు తన పేరు రావచ్చట. ఇప్పటినుంచే సాధన చేద్దామని.

"అయ్యగారూ, నాకు గుప్పిళ్ళు చూపించినవాళ్ళెవరూ లేరండి. మా బావమరిదిని పెట్టుకోవచ్చా?"

"ఆయన నీకేం చేశాడు?"

"ఏం చెయ్యలేదండి. మంచోడు. కునుకు మాత్రం బ్రహ్మాండంగా తీస్తాడు."

నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను. ఎల్లుండి రమ్మన్నాను.

28వ దినం

ఆదివారం. కూడికకి అంకమ్మ రాలేదు. తరవాత పంపు గదికి వెళ్ళాను. రెండో పిడికి ఇంకా ఎవరినీ వెయ్యలేదు. పక్కింటివాళ్ళు రెండు రోజులు వచ్చి మానేశారు, ఎవరి పని వాళ్ళది. గంట కొట్టి, పావుగంట కూలబడి, మళ్ళీ గంట. ఆ పావుగంటలన్నీ పంపుకున్న యంత్రం కూడా నిద్ర అనే రాస్తోంది. ఆ పావుగంటల్లో ఉయ్యాలల దగ్గర తల్లులు విసనకర్రలతో విసురుతున్నారు.

"కేజియా కబురు పంపింది" అంది, పిడి ఆపకుండా. "దగ్గు తగ్గిందంట."

"ఇంకేమంది?"

"మంచం మెత్తగా ఉందంట. పడుకుంటే లోపలికి పోతోందంట, భయమేసి రెండు రోజులు కింద పడుకుందంట. పిచ్చి ముండ."

నేను నిలబడి ఉన్నాను.

"ఏంది అయ్యగారూ, ఇంకో పీట పట్టుకొచ్చారా?"

"అంకమ్మా, నువ్వు చేసింది కూడికలో చెబుతాను. రెండు బెడ్డల సంగతి. ఇప్పుడు ఆ పిల్లకి నష్టం లేదు కదా."

ఆవిడ ఆగింది. మొదటిసారి పిడి వదిలి నా వైపు తిరిగింది.

"చెప్పండి. చెబితే ఏమవుద్ది? పైవాళ్ళు విని, ఆహా అని, వచ్చే ఏడు నుంచి రెండు బెడ్డలు పెట్టాలంటారు. దానికో ఇరవై మార్కులు." మళ్ళీ పిడి అందుకుంది. "నన్ను వదిలెయ్యండి సామీ. నాకు మాటలు వద్దు. మనిషి కావాలి."

29వ దినం

బర్నబా వచ్చాడు. పాఠం లేదని చెప్పి పంపేశాను. అయితే ఎవరి దగ్గర నేర్చుకోవాలని అడిగాడు. తెలీదన్నాను. ఇక దిద్దను కాబట్టి రెండో వరుసలో దిద్దేవాడికి ఇచ్చే గది ఖాళీ చెయ్యాలి. చాప, వాక్యం, రెండు పంచెలు కిందికి తెచ్చుకున్నాను. ఈ పుస్తకం కూడా రేపు ప్రభంజనరావు గారికి తిరిగి ఇవ్వాలి. రెండో బెడ్డ సంగతి ఇందులో ఉంది. ఆ పేజీ చింపుదామనుకున్నాను. ఆ పేజీ చింపాను. తరవాత, నిన్న రాసినదాంట్లో కూడా ఉందని చూసి, చింపిన పేజీ మళ్ళీ లోపల పెట్టాను. ఆవిడ చెప్పింది నిజమే కావచ్చు, మెచ్చుకుంటారు కావచ్చు. మెచ్చుకోనీ.

పొద్దున్న తొమ్మిదికి పంపు గదికి వెళ్ళాను. రెండో పిడి పట్టుకున్నాను. అంకమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. వయసెంత అంది. యాభై తొమ్మిది అన్నాను. చొక్కా విప్పండి, తడిసిపోద్ది అంది. విప్పాను.

"నేను నొక్కినప్పుడు మీరు లేపాలి. ముందు లేపితే నా భుజం పోద్ది."

ముందు లేపాను.

"ప్రసంగం కాదయ్యా ఇది! ఎగిరెగిరి పడమాకండి. నన్ను చూసి కొట్టండి."

చూసి కొట్టాను. చాలాసేపు కుదరలేదు. అరచేతుల తోలు లేచిపోయింది. తరవాత ఎప్పుడో కుదిరింది, ఎప్పుడో తెలీదు. గొట్టం అవతల ఒక పసివాడు ఏడవడం మొదలుపెట్టాడు. బాగా గట్టిగా, ఊపిరి నిండా.

ఏదో వాక్యం నోటిదాకా వచ్చింది. ఎప్పుడూ వస్తుంది, ఇలాంటి చోట నేను ఎప్పుడూ చెబుతాను. చెప్పడానికి ఊపిరి మిగల్లేదు. ఆవిడ నొక్కింది. నేను లేపాను.